వీపు కింద పేరు

వీపు విరిగిన పుస్తకమొకటి వచ్చింది
హవల్లీలో మా బైండింగు అంగడికి.
తెచ్చిన కువైటీ ముసలాయన
చేతికర్ర బల్లకానించి
"పాటగాడి జీవితం, జాగ్రత్త" అన్నాడు.
బేస్తవారానికి కావాలంట.

పద్నాలుగేళ్లుగా పుస్తకాలకు వీపులు కడుతున్నా.
మదరసాలో దెబ్బలు తిని నేర్చిన అక్షరాలకు
ఈ వీధుల్లో విన్న మాటలు అతికించుకుని
నింపాదిగా చదవగలను,
గీత కింద వేలు పెట్టుకుని, పెదాలు కదిలిస్తూ.
జిగురు ఆరేదాకా ఇంకేం పని?

బూ రాషిద్ అనే ఆయన కథ అది.
తాత ముత్యాల పడవలో పాడేవాడని ఒక అధ్యాయం.
తొలి ఊద్ ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో,
తీగ తెగితే చేపల గాలం దారం కట్టి ఎట్లా పాడాడో,
మూడు నికాహ్‌లు, కైరోలో రికార్డింగు,
నీలం రంగు షెవర్లే కారుకు నాలుగు పేజీలు!
కారు నడిపినవాడికి ఒక్క వాక్యం లేదు.

నూట పన్నెండో పేజీలో ఫోటో.
ఎవరి దివానియాలోనో రాత్రి కచేరీ.
నడుమ ఆయన, ఊద్ మీదికి గడ్డం వాల్చి.
ఫిడేలు ఫలానా, ఖానూన్ ఫలానా,
తండ్రుల పేర్లతో, తాతల పేర్లతో సహా.
కుడి అంచున సగం తెగిన మనిషి,
ఒడిలో చిన్న డోలు, మిర్వాస్ అంటారు.
అతని కింద: "ఒక హిందీ."
ఇక్కడ మనందరికీ అదే పేరు.

డోలు మీద చిటికెనవేలు లోపలికి వంగి ఉంది.
ఆ వేలు నాకు తెలుసు.
రోజూ రాత్రి నా పక్క మంచం ఇనుప కమ్మీ మీద
నిద్రలో కూడా అది ఊరుకోదు.

హుస్సేనప్పకు పుస్తకం చూపించా.
పొర కమ్మిన కంటికి పేజీ ఆనించుకుని నవ్వాడు.
"వాయించేటోడు ఆ రాత్రి రాల్యా.
'డ్రైవరూ, ఇట్రా' అన్యాడు. పోయినా.
నాకొచ్చింది పీర్ల పండగ దరువొక్కటే.
గుండం చుట్టూ ఎగిరేటప్పుడు కొడతామే, అది.
కొట్టినా. ఆయప్ప కండ్లు మూసుకున్యాడు.
మళ్లీ కొట్టమన్యాడు. తెల్లారిందాకా."
ఏమిచ్చాడు?
"ఇంటికాడ దింపినా. రోజూ దింపేదే కదా."
అని, చాయ్‌లో చక్కెర తక్కువైందని
గిన్నె కోసం లేచాడు.

నూట ముప్పైలో రాశారు:
ఆ ఏటి పాటతోనే ఆయన పేరు తీరమంతా మోగిందని,
అందులో అంతకు ముందెన్నడూ వినని దరువుందని.
సముద్రం నేర్పిందని ఒకరు,
జాంజిబార్ నుంచి పడవలెక్కి వచ్చిందని ఇంకొకరు,
పేజీ అడుగున చిన్నక్షరాల్లో
పండితులు కొట్లాడుకుంటున్నారు.
గాలివీడులో సముద్రం లేదు.
చెరువులోనే ఏడాదికి ఎనిమిది నెలలు నీళ్లుండవు.

బుధవారం రాత్రి దారాలు బిగించా.
వీపుకు గుడ్డ అంటించే ముందు,
పెన్సిలైతే చెరుగుతుందని పెన్నుతో,
కుట్ల పక్కన తెలుగులో రాశా:
దూదేకుల హుస్సేనప్ప,
తండ్రి ఖాసిం, తాత పెద్ద హుస్సేను,
గాలివీడు. మిర్వాస్.
ఆ పైన జిగురు, గుడ్డ, తోలు,
తోలు మీద బంగారు అక్షరాల్లో ఆయన పేరు.

ముసలాయన వచ్చాడు. తెరిచాడు, మూశాడు,
వీపు మీద బొటనవేలితో నొక్కి చూశాడు.
"గట్టిగా కట్టావు. ఇంక నూరేళ్లు విరగదు."
రెండు దీనార్లు బల్ల మీద పెట్టి పోయాడు.

నా పనితనం మీద నాకు
మొదటిసారి కోపమొచ్చింది.