ఒంటి ఇటుక గోడ

జ్ఞానాపురంలో మా ఇంటికీ సన్యాసమ్మ ఇంటికీ మధ్య
ఒంటి ఇటుక గోడ.
నా వైపు సిలువ, దాని కింద మేరీమాత పటం.
ఆమె వైపు ఏముందో
పదకొండేళ్లుగా నాకు తెలీదు.

తెలిసిందల్లా దగ్గు.
పోర్టులో బొగ్గు ఊడ్చే పని ఆమెది.
రాత్రి తొమ్మిదికి నేను మోకరిల్లి
జపమాల అందుకునే వేళకే
అటువైపు మొదలయ్యేది,
గూడ్సుబండి పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టు
చివరి పెట్టె దాకా పాకే దగ్గు.
"ప్రభువా, ఈ ఆటంకం తొలగించు" అని
నిజంగానే అడిగాను ఒకసారి.
ఆయన వినలేదు. మంచిదైంది.

మాటల్లేవు మాకు.
కుళాయి దగ్గర నా బిందె ఆమె జరిపిందో
ఆమె బిందె నేను జరిపానో
ఇప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.
తిట్టుకున్న తిట్లు మాత్రం గుర్తున్నాయి, వరసగా.

నేను చెడ్డదాన్నేమీ కాను.
పెద్దాసుపత్రిలో ఆయాని.
ముక్కూమొహం తెలియనివాళ్ల పుళ్లు కడిగాను.
పెద్ద తుఫాను ఏడాది చర్చి వరండాలో
మూడు రాత్రులు గంజి కాచాను.
అరకు అవతల కొండల్లో బడి కడతామంటే
చెవికమ్మలు తీసి కవరులో పెట్టాను.
దూరాన ఉన్నవాళ్లను ప్రేమించడం ఎంత సులువు!
వాళ్లు బిందె జరపరు.

ఆదివారం పూజలో
సమాధానం చెప్పుకోండి అంటారు ఫాదర్‌గారు.
కుడివైపు దణ్ణం, ఎడమవైపు దణ్ణం,
వెనక బెంచీలో పేరు తెలియని పిల్లాడికి కూడా ఒక నవ్వు.
ఇంటికొచ్చేసరికి సందులో
పక్కపక్క తీగల మీద ఆమె రవికె, నా దుప్పటి
ఒకే పోర్టు దుమ్ముకి
ఒకే నలుపు తిరిగి ఉండేవి.
నేను నా దుప్పటి దులుపుకుని లోపలికెళ్లేదాన్ని.

వానాకాలం మొదట్లో ఒక రాత్రి
దగ్గు రాలేదు.
మొదటి పది పూసలు హాయిగా జరిగాయి.
రెండో పదిలో వేళ్లు తడబడ్డాయి.
మూడో పదిలో దేవుణ్ణి వదిలేసి
గోడను వింటున్నాను.
సున్నానికి చెవి ఆనించాను.
ఎక్కడో షంటింగు ఇంజను కూత. అంతే.

జపమాల చేతికి చుట్టుకునే పరిగెత్తాను.
తలుపుకి గడియ లేదు.
నులకమంచం మా గోడకే ఆనించి ఉంది.
పదకొండేళ్లు సిలువకే మోకరిల్లాననుకున్నాను,
బెత్తెడు ఇటుక అవతల
ఆమె తలగడ.

ఒళ్లు పెనంలా ఉంది.
తడిగుడ్డ వేశాను, గంజినీళ్లు చెంచాతో పట్టాను.
తెల్లారగట్ల కళ్లు తెరిచింది, కోపంగానే.
"ఏటే సలోమీ, ఇయ్యాల సగంలో ఆపేసినావు?
ఏబైమూడు సార్లు అంటావు కదా అది,
నాను లెక్కెడతాను రోజూ.
నువ్వు ఆమేను అంటేగానీ నాకు నిద్దర్రాదు."
కాస్త ఆగి, గోడకేసి తిరిగి,
"ఈదిలో అందరి పేర్లూ సెప్తావు ఆయనకి.
నా పేరు ఒక్కపాలైనా ఇనబడనేదే."

కంఠస్థం చేసిన వాక్యాలెన్నో ఉన్నాయి నా దగ్గర,
ఏదీ నోటికి రాలేదు.
చేతిలో చెంచా వణికింది.

మేమిప్పుడు అక్కాచెల్లెళ్లం అని చెబితే
అబద్ధమవుతుంది.
మొన్న గురువారం మళ్లీ నా బిందె జరిపింది.
నేనూ ఊరుకోలేదు.
రాత్రి తొమ్మిదికి మోకాళ్ల మీద,
కోపం ఇంకా చల్లారకుండానే,
ఆమె పేరు చెప్పాను.
గట్టిగా చెప్పాను.
దేవుడికి గుసగుస చాలు,
గోడకి చాలదు కదా.

అటునుంచి రెండు దగ్గులు.
మంచం కిర్రుమంది.
వేలు ఏ పూస మీదుందో మర్చిపోయి
మళ్లీ మొదటినుంచీ అందుకున్నాను.