పాంచాలి జుట్టు

గిరింపేటలో మా ఇంటి అటక మీద
నాలుగు ట్రంకుపెట్టెలుండాయి,
భారతం ఆడే మేళం వాళ్లవి.
ఏడాదికి పద్దెనిమిది దినాలు వాళ్లవి,
మిగిలిన దినాలన్నీ నావీ, పురుగులవీ.

ఈ తూరి మూత తీస్తే
గుప్పెడు బూడిదరంగు రెక్కలు లేచినాయి.
దీపం దిక్కుకు రాలే.
చీకటి వెతుక్కుంటా పెట్టెల సందులో దూరినాయి.
చప్పట్లు కొట్టి కొట్టి రెండిటిని చంపినాను.
"ఎగిరే చిమ్మటను కొట్టి ఏం లాభం మే?" అన్నాడు
మందులంగడి కుప్పుసామి,
"దానికి తినే నోరే లేదు.
తినాల్సిందంతా పురుగుగా ఉన్నప్పుడే తినేసుంటాది."

ఏమేం తినిందో లెక్క చూసినాను.
భీముడి నూలు పంచె అట్నే ఉండాది.
దుశ్శాసనుడి మీసం నైలాన్‌ది, ఒక్క పోగు రాలలే.
అర్జునుడి పట్టుచొక్కా
సంకల కింద జల్లెడ.
కిరీటం లోపలి ఉన్నిగుడ్డ, నొసలు తగిలే చోట.
ఇంక పాంచాలి జుట్టయితే
పాపిట పొడుగునా బాట వేసినట్టు.

దానికి రుచి తెలుసు.
ఉతికి మడత పెట్టినదాన్ని వదిలేస్తాది.
ఒళ్లు తగిలిందే కావాల.

ఆ జుట్టు నాదే.
పందొమ్మిదేండ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి
ఊడిపోయేలోపల కత్తిరించి దాచింది మాయమ్మ.
ఏకాంబరం అడిగితే ఇచ్చినాను,
ఉత్తినే కాదు, అరమూట వడ్లకు.
ఇరవై ఏండ్లు ఆయన దాన్ని విరబోసుకోని
ధర్మరాజుల గుడి ముందర ఏడ్చినాడు.
పడుకళం నాడు కుంకం నీళ్లు పూసి ముడేస్తా ఉంటే
జనంలో కూర్చున్న నాకు
మెడ వెనక జిల్లుమనేది.
ఎవురికీ చెప్పలే.

నా నూనె, ఆయన చెమట
ఒకే ముద్దగా కలుపుకోని తినింది పాడు పురుగు.

వేపాకు వేసినాను, వసకొమ్ము వేసినాను,
తెల్లగోలీలు పావలాకు నాలుగొచ్చే కాలం నుంచీ కొంటానే ఉండాను.
ఎండకేసిందే తక్కువ.
ఎర్రబారతాదని చెప్పేదాన్ని.
మిద్దె మీద ఆరేస్తే ఎవురన్నా చూసి
ఇది నీదేనా అంటారని.

గడ్డకట్టిస్తే గుడ్లతో సహా చస్తాయని కుప్పుసామే చెప్పినాడు.
పాలబూతు వసంతిని బతిమాలి
కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టించినాను
ఐస్‌క్రీం డబ్బాల కింద, పది దినాలకని.
నాలుగో దినం కుల్ఫీ కోసం చెయ్యి పెట్టిన పిలగాడు
సంతపేట దాకా వినబడేట్టు అరిచినాడు.
"సభలో లాగిన నాడు కూడా ఇంత గోల కాలేదు గదక్కా"
అనింది వసంతి, కవరు నా చేతికిస్తా.
మిగిలిన ఆరు దినాలు అడగలేకపోతిని.

ఈ పొద్దు పెట్టెలు కడిగి
మూలలు పుల్లతో గీకి
అటకెనక గోడ చూస్తే,
దోసగింజంత గూడొకటి.
ఇల్లు మోసుకోని పైకి పోతా ఉండాది.
అద్దాలు పెట్టుకోని దగ్గిరికి పోయినాను.
పోగు పోగు అల్లుకున్న చొక్కా
నల్లగా, నిగనిగా,
నా పందొమ్మిదేండ్లు.

చీపురు చేతిలోనే ఉండాది.

ఫోన్ మోగింది. మేళం వాళ్లు.
ద్రౌపదికి కొత్త పిల్లోడొచ్చినాడంట,
పాత జుట్టు పట్టకపోతే నైలాన్‌ది తెచ్చుకుంటారంట,
తల కొలత చెప్పమన్నారు.
ఉండండి అని
చీపురు తిరగేసి ఒకటిచ్చినాను.
గోడ మీద సన్నంగా గీత పడింది. తుడవలే.
టేపు కోసం వెతకనూలే.
ఇరవైరెండున్నర అంగుళాలు అన్నాను,
ఏకాంబరం తల.