అడుగు లెక్కన

రోడ్డు వెడల్పు చేస్తామని
మా వీధి పామ్ చెట్లన్నీ కొట్టేశారు.
మునిసిపాలిటీకి మూడు డాలర్లిచ్చి
పదకొండు మొద్దులు షెడ్డుకి దొర్లించుకొచ్చాడు నాన్న.

బేకర్స్‌ఫీల్డ్. పందొమ్మిది వందల యాభై ఎనిమిది.
ఎనిమిది నెలలుగా చినుకు లేదు.
ఊరవతల చమురు పంపులు
ఎవరేమన్నా సరేనంటూ తలలూపుతున్నాయి.

లైబ్రరీకి తిరిగివ్వని పుస్తకం,
జిగురు వేలిముద్రలు పడ్డ బొమ్మల పేజీలు.
మార్కెసస్ నుంచి కళ్లు, కళ్లజోడంత గుండ్రంగా.
హవాయి నుంచి నోరు, పక్కకి ఒరిగిన ఎనిమిది అంకెలా.
ఈస్టర్ ద్వీపం ముక్కు.
న్యూగినీ డాలు మీది ఎరుపూ తెలుపూ నుదుటికి.
ఇంకా ఏదో తక్కువైందని
గడ్డం దాకా వేలాడే మావోరీ నాలుక.

యుద్ధంలో ఓడ వంటగదిలో ఉల్లిపాయలు తరిగిన మనిషి,
ఒక్క ద్వీపంలోనూ కాలు పెట్టలేదు.
రెయిలింగ్ పట్టుకుని చూశాడంతే,
దూరంగా, పచ్చగా.

టార్చి మంటకి కమిలిన చెక్కని ఇనుప బ్రష్‌తో తోమడం,
పైన గోధుమరంగు బూటు పాలిష్ పట్టించడం నా పని.
"వందేళ్ల ముసలితనం రావాలి, సాయంత్రానికల్లా" అనేవాడు.
అడుగుకి నాలుగు డాలర్లు.
దేవుణ్ణి కొలిచి అమ్మొచ్చని
తొమ్మిదేళ్లకే తెలిసింది నాకు.

లగూన్ రూమ్‌లో ఇరవై నిమిషాలకోసారి వాన,
కిటికీ అద్దం వెనక చిల్లుల గొట్టం నుంచి.
బార్‌లో యుసేబియో, ఇలోయిలో ఊరివాడు;
పూలచొక్కా తొడిగి తహితీవాణ్ణి చేశారు.
మూడు దీవుల రమ్ములు ఒకే గ్లాసులో పోసి
"తలనొప్పి మాత్రం ఒక్కటే" అని నవ్వేవాడు.

ఆ శుక్రవారం లాండ్రీ మూటతో రంగిమారీ వచ్చింది.
మెరీన్‌ని పెళ్లాడి వెల్లింగ్టన్‌లో ఓడెక్కిన మనిషి,
ఇక్కడందరికీ మేరీ.
టేబుల్ గుడ్డలు లెక్కపెడుతూ ఆగిపోయింది.
బొమ్మ చుట్టూ తిరిగింది,
తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతుకుతున్నట్టు.
నాలుక మీద వేలు పెట్టింది.
"ఇది మాది."

తర్వాత చాలాసేపటికి:
"మా తాత చెక్కితే ప్రతి గీతకీ ఒక మనిషి పేరుండేది.
వీడి నోరొకరిది, నాలుకొకరిది.
పాపం, ఎవరితో ఏమని మాట్లాడతాడు?"

నాన్న టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు.
ఆమె వంగి, నుదురూ ముక్కూ
మొద్దు నుదుటికీ ముక్కుకీ ఆనించింది.
ఒక్క ఊపిరి.
యుసేబియో తుడిచిన గ్లాసే మళ్లీ తుడిచాడు.
గొట్టంలో వాన మొదలైంది.

లేచేసరికి ఆమె ముక్కు మీద మరక,
నా పాలిష్.
చెబుదామనుకున్నాను.
"ఇరవై మూడు. ఒకటి తక్కువుంది, సోమవారం తెస్తా" అని
అలాగే ఎండలోకి వెళ్లిపోయింది.

తర్వాతి మొద్దుకి నాన్న నోరు మూసే చెక్కాడు.
పళ్లు కనపడాలని ఓనరు వెనక్కి పంపాడు.
చాలా ఏళ్లు మా పెరట్లోనే ఉంది అది.
ఎప్పుడైనా నిజం వాన పడితే
రంగు కారేది,
కింద లేత చెక్క.