తాళంచెవి ఇస్తా

తలుపును రవ్వంత పైకెత్తి
మోకాలితో ఒక నెట్టు నెట్టి
అప్పుడు తిప్పాల తాళంచెవి.
ఊరికే తిప్పితే తిరగదు.
ఈ కిటుకు నాకు పట్టుబడేసరికి మూడు నెలలు,
అంతవరకూ పక్కింటి షంషాదే తీసిపెట్టేది.

రా, చెప్పులతోనే రా. ఇంకా ఊడ్చలా.

ఈ స్విచ్చి తడిచేత్తో ముట్టుకోవద్దు.
పొయ్యి ఆ మూల పెట్టుకోవద్దు,
వేలూరు బస్సు పోయినప్పుడల్లా
పైనుంచి సున్నం రాలి కూట్లో పడతాది.
మొదట్లో ఏరి పారేసేదాన్ని,
తర్వాత మూత కొనుక్కున్నా.

వాన సంగతి చెప్తా విను.
మద్రాసు మిద్దె ఇది. దూలాలు టేకువే,
మధ్యలో ఇటుకకే వయసైపోయింది.
వాయుగుండం పడితే మూడు చోట్ల కారతాది.
ఇక్కడ బిందె పెట్టు, అక్కడ బకెట్టు,
మూడోది యాడనో దానిష్టం.
పోయిన కార్తీకంలో ఒక రాత్రంతా
మంచం జరుపుకుంటా జరుపుకుంటా
నేనూ నా కూతురూ గదంతా తిరిగినాం.
"మనకీ ఊరేగింపేనా మా" అని అది ఒకటే నవ్వు.

ఓనరు మంచోడే, వరదరాజులు మొదలి.
అన్నదమ్ముల వ్యాజ్యం తెగంగానే
మిద్దె విప్పి కొత్తగా పోయిస్తానంటాడు.
ఆ మాటే ఆయన నాయనా అన్నాడంట
నాకు ముందెప్పుడో ఉండిన పోస్టుమానుతో.

గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలి చేతికొచ్చినప్పుడు
ఇంక చూడలేక నేనే మేస్త్రీని పిలిపించినా.
రెండు మూటలు సిమెంటు, ఒక దినం కూలి.
గోడ గీకితే రంగులు బయటపడినాయి:
గులాబీ కింద ఆకుపచ్చ,
దాని కింద నీలం,
నీలం మీద బొగ్గుతో ఎవురో రాసుకున్న పాల లెక్క.
సోమారం అరసేరు. మంగళారం లేదు.
బుధారం లేదు.
బేస్తారం పావుసేరు.
కరణె పట్టుకుని మేస్త్రీ నిలబడినాడు,
నేనూ నిలబడినా.
"పూసేద్దునా అక్కా?"
పూసెయ్, అన్నా.

ఒకటో తేదీ మొదలి వచ్చి
గోడ మీద చెయ్యిపెట్టి నిమిరినాడు.
"ఇల్లు బాగుపడిందే!"
బాడుగ ఐదునూర్లు పెంచినాడు.

మురకంబట్టులో రేకుల ఇల్లు దొరికింది నాకు.
కోపం ఏం లేదులే.
అడ్వాన్సులో సున్నానికని రెండువేలు పట్టుకుంటాడు,
ఆ సున్నం ఇంతవరకూ ఎవురూ చూళ్లా,
నువ్వు చూస్తే షంషాదుకి చెప్పు, నాకు చెప్తాది.

ఈ మేకు నాది కాదు, నేనొచ్చేసరికే ఉంది.
పీకొద్దు. గోడ గూడా దాంతోనే వస్తాది.
దానికి మేం క్యాలెండరు తగిలించుకున్నాం,
నువ్వేం తగిలించుకుంటావో.

ఇందా తాళంచెవి.
ఒకసారి నువ్వు తియ్యి, చూస్తా.
పైకెత్తు.
ఇంకొంచెం.
మోకాలు.
ఆఁ.