చాప ఒకటి

ఐదువందల పన్నెండు.
తలుపు కొట్టి, "హౌస్ కీపింగ్" అని మూడుసార్లు చెప్పి
లోపలికి పోతే
మంచం నిన్న నేను పరిచినట్టే ఉండాది.
దిండు మీద తల గుంత లేదు.
దుప్పటి అంచు నా వేళ్ళు దోపినకాడే ఉండాది.
కిటికీ కింద నేల మీద
రజాయి మూడు మడతలు,
దాని మీద చుట్టిన టవలు.

సూపర్‌వైజరు భయపడినాడు.
నల్లి ఉందేమోనని పరుపే మార్పించినాడు.
ముప్పైవేల పరుపు, ఇద్దరం మోసినాం.
మరునాడూ అంతే.

ఆయప్ప పేరు హయాషి.
శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీకి
మిషన్లు బిగించేదానికి వచ్చినాడంట.
కార్పెట్ మొదలయ్యే గీత కాడ బూట్లు విప్పి
వాటి మూతులు వాకిలి తట్టు తిప్పి పెడతాడు.
గుడికైతే అందరూ విప్పుతారు.
రూముకు విప్పినోణ్ణి ఇప్పుడే చూసినా.

మూడోనాడు గదిలోనే ఉన్నాడు.
కారు డ్రైవరు గజేంద్ర పక్కన నిలబడి తెలుగు చేసినాడు.
వాళ్ళ అవ్వకు పాత ఊర్లో ఒక సత్రముండేదంట.
"సత్రమంటే మన సత్రమా?"
"అట్లే అనుకో."
గడ్డి చాపల గది.
మాపుకు పడక పరుస్తారు,
పొద్దన్నే మడిచి బీరువాలో పెడితే
గది మళ్ళీ గదే.
తినేదీ ఆడే, టీ తాగేదీ ఆడే, పడుకునేదీ ఆడే.
ఇప్పుడా జాగాలో పద్నాలుగంతస్తుల హోటలంట.
"దాంట్లో కూడా నేల మీదే పడుకున్నా" అని నవ్వినాడు.
ఆ నవ్వుకు గజేంద్రతో పనిలేకపోయింది.

భేరివీధిలో మొదలియార్ సత్రం.
నాకప్పుడు పదకొండేళ్ళు,
మాయమ్మ చాపలు బాడుగకిచ్చేది.
గుమాస్తా ఏకాంబరం పెన్సిలు నాలిక్కి తాకించి రాసేవాడు:
చాప ఒకటి, దిండు ఒకటి, బాడుగ రెండు రూపాయలు.
గుండు మీద చందనం ఆరకముందే నిద్రపోయేవాళ్ళు,
కడపోళ్ళ కాళ్ళ కాడ హుబ్లీవోళ్ళ తల,
వాళ్ళ కాళ్ళ కాడ సేలమోళ్ళ బిడ్డ.
నాలుగ్గంటలకు దులిపితే
వెంట్రుకలు రాలేవి, బూందీ పలుకులు,
ఒకసారి ముక్కుపుడక.
పసుపు గుడ్డలో కట్టి పెట్టింది మాయమ్మ.
ఆర్నెల్లకు ఆ హుబ్లీ ఆమె వచ్చింది.
మాయమ్మకు ముఖం గుర్తులేదు.
ఏ చాపో గుర్తుండాది.

సత్రం పోయింది.
కింద ఫోన్ల అంగళ్ళు, పైన ఏసీ రూములు.

మా అటక మీద ఒకటి మిగిలుండాది.
తుంగ చాప, ఎర్ర అంచు, ఒక మూల ఎలుక కొరికినాది.
ట్రాలీలో తెల్ల దుప్పట్ల కింద దాచి లిఫ్టెక్కించినా.
దొరికితే ఉద్యోగం పోతుంది, తెలుసు.
ఆయప్ప వెంటనే పరవలేదు.
రెండు చేతుల్తో ఎత్తి వాసన చూసినాడు,
నీళ్ళు పోసిన బిడ్డ తలను చూసినట్టు.

ఆరు రాత్రులు.
తెల్లారేసరికి చాప చుట్టి గోడకు నిలబెట్టుండేది.
నేను మాత్రం నలగని దుప్పటి పీకి,
ఇంకోటి పరిచి,
ఎవరూ పడుకోని పడకను రోజూ ఉతుక్కి పంపినా.

ఖాళీ చేసిపోయిన పొద్దు
చాప అల్మారాలో ఉండాది.
ఎలుక కొరికిన మూల నల్లదారంతో కుట్టుండాది,
మేము బాత్రూములో పెట్టే
ఆ చిన్న సూదీదారం పొట్లంతోనే.
కుట్లు మిషన్ కుట్టినంత సన్నం.

గేటు కాడ సెక్యూరిటీ రెడ్డెప్ప ఆపినాడు.
"హోటలుదా?"
"హోటల్లో చాప యాడుందన్నా?"
అయినా రూలు రూలే.
రిజిస్టరు తెరిచి రాసినాడు: చాప ఒకటి. పాతది.
విలువ అనే గడిలో అడ్డగీత గీసి
నన్ను సంతకం పెట్టమన్నాడు.

బస్సులో నిలబడే పోతా ఉంటే
కొత్త గుండాయన ఒకడు, చంకలో నిద్రపోయే బిడ్డ,
చాప తట్టు చూసి అడిగినాడు,
"బాడుగకిస్తావామ్మా?"

రెండు రూపాయలని
నోటిదాకా వచ్చింది.