లారీ పట్టని దారి

ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ట్రేసర్ని.
పాత కాలువల్ని కొత్త కాగితం మీదికి
నల్ల సిరాతో దించడమే పని.
రిటైర్మెంటు రోజున కప్పిన శాలువా ఎక్కడుందో తెలీదు.
అడిగి తెచ్చుకున్న ట్రేసింగ్ పేపరు చుట్ట మాత్రం
మంచం కింద భద్రంగా ఉంది.

ఇప్పుడు దాని మీద మెకాంగ్ పారుతోంది.

మేరీ రత్నం నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తుంది,
మందుల వాసనతో, ఇడ్లీ పొట్లంతో.
మా ఇద్దరి వయసూ కలిపితే నూట పదహారు.
చదివింపుల లెక్కలాగుంది, శుభమే, అంటుంది.

ఎర్ర పెన్సిలు లారీలకి.
ఆకుపచ్చ, గట్లకి.
పసుపు ఇంకా తేలనివాటికి.
పసుపే త్వరగా అరిగిపోతోంది.

ఆ ఊళ్ల పేర్లకి నోరు తిరగదు,
రేవులకి నంబర్లు వేసుకున్నాను.
డెల్టా ఎక్కడైనా డెల్టాయే:
కాలువ ఎత్తెక్కదు, దాని గట్టూ ఎక్కదు,
మా మోకాళ్లకి అంతకంటే ఏం కావాలి.
బల్లకట్టు తిరిగే రేవు దగ్గర దారి నెమ్మదిగా ఉంటుంది.
వంతెన పడిందా, మర్నాటికే లారీ వాసన పట్టేస్తుంది.
ఈ పటం ఆరేళ్ల కిందటిది.
ఈ ఆరేళ్లలో వాళ్లెన్ని వంతెనలు కట్టారో
ఎవర్ని అడగను?

మేరీ రత్నం వేరేవి అడుగుతుంది.
కుక్కలుంటాయా.
గొలుసు తెగితే ఎవరు వేస్తారు.
ఒంటికెక్కడికి పోతాం.
మూడోదానికి పటంలో రంగు లేదు.

బెంజి సర్కిల్ని నేను సైకిలు మీద
ఒక్కసారే దాటాను, ఉద్యోగంలో చేరిన ఏడాది.
వెనక క్యారియరు మీద టైపిస్టు వనజాక్షి.
ఆటోనగర్ వైపు తిరుగుతున్న లారీ తగల్లేదు,
దాని గాలి తగిలింది.
వాన వచ్చే ముందు ఇప్పటికీ
ఆమె మోకాలు ముందుగా చెబుతుందట.

మర్నాటి నుంచీ పటమటలంక, స్క్రూ బ్రిడ్జి, రాణీగారితోట,
బందరు కాలువ పక్కనే గవర్నరుపేటకి.
పోను పదకొండు నిమిషాలు ఎక్కువ, రాను పదకొండు.
మొన్న కూర్చుని లెక్కేశాను:
చుట్టు తిరగడానికే నూట ముప్పై రోజులు పోయాయి.
దాన్నెవరూ యాత్ర అనలేదు.
భయం అన్నారు.

అక్కడ బండ్లన్నీ కుడి పక్కనట.
అందుకని తెల్లారి అయిదింటికి
యనమలకుదురు గట్టు మీద కుడి వైపు తొక్కుతున్నాం.
చేతులు వింటాయి, కళ్లు వినవు.
నిన్న పాల క్యాన్ల స్కూటరాయన సడన్ బ్రేకు వేసి,
'అమ్మా, ఎటు పక్క మీది?' అన్నాడు.
'వియత్నాం' అంది మేరీ రత్నం.
'అయితే అక్కడే తొక్కుకోండి' అని
ఒలికిన పాలు చూసుకుంటూ పోయాడు.

ఇంక ఒక్క చోటే తెగట్లేదు.
తొమ్మిదో రేవుకీ పదో రేవుకీ మధ్య
రెండు ఆకుపచ్చ గీతలు అందుకోకుండా ఆగిపోయాయి.
నడుమ పద్నాలుగు కిలోమీటర్లు పెద్ద రోడ్డు.
ఎడంగా గీశాను, చెరిపాను. దిగువకి గీశాను, బురద.
రబ్బరు రుద్దీ రుద్దీ అక్కడ కాగితం ఉల్లిపొరైంది,
కింద దుప్పటి పువ్వు కనిపిస్తోంది.

బస్సెక్కేద్దాం అన్నాను.
మేరీ రత్నం ఇడ్లీ పొట్లం విప్పుతూ
పటం వైపు చూడకుండానే అంది:
'మూడున్నరకి దాటేద్దాం.
ఆ వేళకి లారీవాళ్లు కూడా టీకి ఆగుతారు.
నాకా టైము బాగా తెలుసు.
ఇరవై ఎనిమిదేళ్లుగా వార్డులో
ఆ గంటంతా నేను మేలుకునే ఉన్నాను.'

ఎర్ర గీత పక్కన
కాగితం చిరగకుండా, సన్నగా రాశాను: మూడున్నర.
దాని కింద: లైట్లు కొనాలి, రెండు.