చెడిపోయిన కాపీల వెనక

హలసూరు బజారు మలుపులో
ఒంటి షట్టరు జెరాక్స్ కొట్టు.
గల్లాపెట్టె పక్కన మేకు,
మేకుకి పురికొసతో గుచ్చిన కాగితాలు.
రోజుకొకటి చొప్పున పదమూడేళ్ళుగా
హైమవతి రాస్తోంది.
చదివేవాళ్ళు చదువుకోవచ్చు.

నేను మొదట వెళ్ళింది ఇంటద్దె అగ్రిమెంటు కోసం.
వరసలో నా ముందు ఏడుగురు.
విసురుకుందామని చేతికందిన కాగితం లాగాను:
"కుక్కరు మూడో కూత వెయ్యలేదు.
పప్పు ఉడికిందో లేదో మూత తీస్తే గాని తెలీదు.
భయమేసి తియ్యలేదు. ఇడ్లీ తెచ్చుకున్నాం."
అంతే. కింద తారీఖు.

బస్సుల మీద లేవు, బోర్డుల మీద లేవు,
ఊరంతా వెతికినా కనపడని నా అక్షరాలు
ఇక్కడ కూర్చుని పప్పు సంగతి చెబుతున్నాయి.
మర్నాడు కాపీ పనేమీ లేకుండానే వెళ్ళాను,
ఆ మూత ఎవరు తీశారో కనుక్కోవాలని.

ఆమె తెలుగులో సగం ఈ ఊరిది.
జ్వరం సల్ప ఉంది అంటుంది, బేగ తగ్గింది అంటుంది.
నా నోటికీ అవే పట్టుకున్నాయి.
ఫోన్లో మా అక్క నవ్వుతుంది.

మాకు తెలుసు
మరిది తిరిగివ్వని పదకొండు వేలు,
వానాకాలం అలిగే పాత మిషను పేరు దొరసాని అని.
దొరసాని మోటారు కాలిపోయిందని రాసిన రోజు
ఎవరో మూర మల్లెపూలు దాని మీద పెట్టి వెళ్ళారు.
పాల బూతు కుర్రాడు చదువుతాడు.
మిలిటరీ హోటల్లో ఉల్లిపాయలు తరిగే మనిషి
తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని మరీ పట్టుకుంటాడు.
తెలుగు రాని నోటరీ తంగవేలు
ఆ కుర్రాడికి టీ తాగించి చదివించుకుంటాడు.

ఆమె మాత్రం మాతో మాట్లాడేది మూడు ముక్కలు:
ఎన్ని కాపీలు, ముందూ వెనకా, చిల్లరుందా.

రాసేదంతా చెడిపోయిన కాపీల వెనకే.
తిప్పితే ఎవరిదో ఆధారు, సగం ముఖం,
నల్లబడ్డ మార్కుల జాబితా,
వంకరగా పడ్డ క్రయపత్రం.
నేను తిప్పేవాణ్ణి కాదు.
మనవి కావు కదా.

మొన్న ఆషాఢంలో
"దొరసాని ఇవాళ బుద్ధిగా నడిచింది. వంకాయలు చవక."
చదువుతుండగా ఫ్యాను గాలికి తిరగబడింది.
వెనక ఆసుపత్రి కాగితం.
పేరు ఆమెదే. వయసు యాభై నాలుగు.
మిగతాది నాకర్థమైనంత వరకు
మంచిది కాదు.
ఇటు తిప్పాను. వంకాయలు చవక.
అటు తిప్పాను.
ఎన్నిసార్లు తిప్పానో,
వెనక నిలబడ్డాయన గొంతు సవరించుకున్నాడు.

మర్నాడు షట్టరు దించి ఉంది.
ఆ మర్నాడూ.
వారం తిరిగేసరికి ఆ మెట్ల దగ్గర
ఒకరి పేరొకరికి తెలియని మేం తొమ్మండుగురం.
ఆమెకి నొప్పి కుడి మోకాలా, ఎడమ మోకాలా
అని పాల కుర్రాడితో నేను కొట్లాటకి దిగాను.
ఎడమే. నాకు బాగా గుర్తు.
ఫోను నంబరు మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.
వంటింటి గోడ లేత పచ్చ అని,
చెమ్మకి పెచ్చులూడుతుందని అందరికీ తెలుసు.
ఏ వీధో తెలీదు.
తంగవేలు తన సీలున్న కాగితం మీద ఏదో అరవంలో రాసి
షట్టరు కిందినుంచి లోపలికి తోశాడు.

ముప్ఫయ్యొకటో రోజు షట్టరు సగం లేచింది.
తలకి నూలు గుడ్డ చుట్టుకుని
ఆమె కూర్చుని ఉంది.
మేకుకి ఏమీ లేదు.

"ఎన్ని?" అంది.
నన్నెప్పుడూ చూడనట్టే.
జేబులు తడిమితే కరెంటు బిల్లు దొరికింది,
ఎప్పుడో కట్టేసింది.
"ఒకటి" అన్నాను.
నెలరోజులు ఊరికే కూర్చున్న దొరసాని
మూలిగింది, నమిలింది,
అడ్డంగా నల్లటి చార వేసి బయటికి వదిలింది.
"చెడిపోయింది. ఉండు, ఇంకోటి తీస్తా."

చార పడ్డదాన్ని పారేయలేదు.
అరచేత్తో మడత సాపు చేసి,
బోర్లించి, తన పక్కన పెట్టుకుంది.

రెండు రూపాయలు ఇచ్చాను.
మర్నాడు బేగ లేచాను.